‘కేసు తీసేశాం’ అంటే ఏ కాగితం?

‘కేసు తీసేశాం’ అనే మాట సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఎక్కడా లేదు. కానీ మన ఊళ్లలో, బస్తీల్లో చిన్న చిన్న అప్పు దావాలన్నీ ఆ మాటతోనే ముగుస్తాయి. పెద్దమనుషుల ముందు అప్పిచ్చినవాడు ఆ మాట అంటాడు. ప్లీడరు గుమాస్తా ఫోనులో అంటాడు. భర్త ఇంటికొచ్చి భార్యతో అంటాడు. ఆమె నమ్ముతుంది, నమ్మకపోవడానికి ఆమె దగ్గర కారణం ఏముంది? డబ్బు కట్టారు, నలుగురూ చూశారు. ఏడాదికో మూడేళ్లకో కోర్టు అమీనా కాగితం పట్టుకుని గుమ్మం ముందు నిలబడినప్పుడు ఆ మాటకు కోర్టులో ఏ విలువా లేదని తెలుస్తుంది.

చిన్న మొత్తాల దావాల్లో ప్రతివాదులుగా ఉన్న స్త్రీలతో కొంతకాలంగా మాట్లాడుతున్నాను. ఇరవై వేలు, నలభై వేలు, మహా అయితే లక్ష. ప్రోనోటు మీద సంతకం పెట్టినవాళ్లు, తోటి సభ్యురాలి చీటీకి జామీను నిలబడినవాళ్లు, భర్త తీసుకున్న అప్పుకు ‘నువ్వూ ఒక వేలిముద్ర వెయ్యి’ అంటే వేసినవాళ్లు. ట్రంకు పెట్టె అడుగునుంచి, బియ్యం డబ్బాలోంచి, దేవుడి పటం వెనకనుంచి వాళ్లు తీసి చూపించే కాగితాలు నాకు వాళ్ల మాటలకంటే ఎక్కువ చెప్పాయి. అన్నీ దాచుకుంటారు. ఏది సమను, ఏది డిక్రీ, ఏది ప్లీడరు నోటీసు అన్నది మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

స్త్రీల పేరున అప్పు పుట్టడం ఇటీవలి చరిత్రే. 1992లో నెల్లూరు జిల్లా పల్లెల్లో సారా దుకాణాల మీదికి వెళ్లిన స్త్రీలే ఆ తర్వాత పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. రూపాయి రూపాయి కూడబెట్టిన ఆ స్త్రీల పరపతి పెరిగిన కొద్దీ, వాళ్ల సంతకానికి విలువ పెరిగింది. బ్యాంకులే కాదు, ప్రైవేటు ఫైనాన్సులూ, చీటీల వాళ్లూ, ఊళ్లో వడ్డీ వ్యాపారులూ ‘మీ ఆవిడ సంతకం కావాలి’ అనడం మొదలుపెట్టారు. సంతకం ఆమెదయింది. డబ్బు ఎక్కడికి పోవాలో నిర్ణయించేది, అప్పు తీర్చేటప్పుడు పెద్దమనుషుల ముందు కూర్చునేది మాత్రం మగవాళ్లే. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీలోనే నేను చెప్పబోయే అన్యాయమంతా ఉంది.

గుంటూరు ప్రాంతంలో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లే ఒకామె సంగతి చెప్తాను. భర్తతో కలిసి నలభై వేలకు ప్రోనోటు రాసింది, నూటికి రెండు రూపాయల వడ్డీ. మూడేళ్లు నిండితే నోటుకు కాలదోషం పడుతుంది గనక గడువు దగ్గరపడగానే అప్పిచ్చినవాడు దావా వేశాడు. సమను అందింది. ఇద్దరూ ఒక వాయిదాకు వెళ్లారు, ప్లీడర్ని పెట్టుకునే స్తోమత లేక తిరిగొచ్చారు. తర్వాత ఊళ్లో రాజీ కుదిరింది. గేదెను అమ్మి, కమ్మలు కుదువపెట్టి యాభై ఐదు వేలు కట్టారు. అప్పిచ్చినవాడు ఒక తెల్లకాగితం మీద ‘మొత్తం ముట్టినది’ అని రాసి సంతకం చేశాడు. తేదీ వెయ్యలేదు, దావా నెంబరు రాయలేదు. నోటు ఏదని అడిగితే, ‘కోర్టులో ఉందమ్మా, తెచ్చి నీ ముందే చించేస్తా, ఇంక మీరు వాయిదాలకు తిరగక్కర్లేదు’ అన్నాడు.

నోటు కోర్టులో ఉందన్నది అబద్ధం కాదు. దావాతోపాటే అసలు నోటు దాఖలు చెయ్యాలి. మన ఊళ్లలో అప్పు తీరిందనడానికి గుర్తు నోటు చించడమే. తరతరాలుగా నడిచిన ఈ పద్ధతి దావా పడిన క్షణంనుంచీ పనిచెయ్యదు. డిక్రీ వచ్చాక ఆ నోటు చించినా ఒకటే, చించకపోయినా ఒకటే. అప్పు నోటులోంచి డిక్రీలోకి మారిపోతుంది. ఈ ఒక్క విషయం ఆమెకు ఎవరైనా చెప్పి ఉంటే తర్వాతి కథ వేరుగా ఉండేది. వాళ్లు వాయిదాలకు వెళ్లడం మానేశారు. అవతలివాడు కోర్టుకు మెమో ఏదీ దాఖలు చెయ్యలేదు. మరచిపోయాడో, కావాలనే ఊరుకున్నాడో నాకు తెలియదు. ప్రతివాదులు హాజరు కాలేదు గనక కోర్టు వాళ్లను ఎక్స్‌పార్టీ చేసి, అసలు, వడ్డీ, ఖర్చులతో సహా డిక్రీ ఇచ్చింది. మూడేళ్లకు అమలు పిటిషన్ నోటీసు, అదే ఇ.పి. నోటీసు వచ్చింది. ‘తీసేసిన కేసు మళ్లీ ఎట్టా లేచిందమ్మా?’ అని ఆమె నన్ను అడిగింది.

ఆ కేసు మళ్లీ లేవలేదు. అది అసలు పడుకోనే లేదు.

మనం ‘తీసేశారు’ అని ఒక్క మాటతో చెప్పే దానికి కోర్టులో నాలుగైదు వేరు వేరు అర్థాలున్నాయి. వాది తనంతట తాను దావా ఉపసంహరించుకోవచ్చు. అలా చేస్తే అదే విషయం మీద మళ్లీ దావా వెయ్యలేడు. కానీ ‘మళ్లీ వేసుకునే అనుమతితో’ ఉపసంహరించుకుంటే వెయ్యగలడు. ఆ నాలుగు మాటలు ఉత్తర్వులో ఉన్నాయా లేదా అన్నదే మొత్తం తేడా. వాది హాజరు కాక దావా కొట్టేస్తే, ముప్పై రోజుల్లో తగిన కారణం చూపించి దాన్ని తిరిగి ఫైలు మీదికి తెప్పించుకోవచ్చు. ఇద్దరూ రాని రోజున కొట్టేస్తే, కాలపరిమితి ఉన్నంతవరకూ కొత్తగా ఇంకో దావాయే వెయ్యవచ్చు. ఇక రాజీ. రాజీ ఒప్పందం రాతపూర్వకంగా ఉండి, ఇరుపక్షాల సంతకాలతో కోర్టు ముందుకు వెళ్తే, ఆ షరతులతోనే డిక్రీ వస్తుంది. అంటే రాజీ కూడా ఒక డిక్రీయే. వీటిలో ఏది జరిగిందో తెలియకుండా ‘తీసేశారు’ అన్న మాటను నమ్మడం, కవరు విప్పకుండా ఉత్తరంలో ఏముందో ఊహించడంలాంటిది.

ఇప్పుడు ఫోనులో కేసు వివరాలు చూసుకునే వీలు వచ్చింది. ప్రతి కేసుకూ అక్షరాలూ అంకెలూ కలిపి పదహారింటితో ఒక సి.ఎన్.ఆర్. నెంబరు ఉంటుంది, అది కొడితే ఈ-కోర్ట్స్‌లో కేసు స్థితి కనిపిస్తుంది. మంచిదే. కానీ అక్కడా ఒక గోతి ఉంది. ఇంటర్ చదివే కొడుకు ఫోనులో చూసి, ‘అమ్మా, డిస్పోజ్డ్ అని ఉంది, అయిపోయింది’ అంటాడు. దావా కొట్టేసినా డిస్పోజ్డే, తల్లి మీద డిక్రీ ఇచ్చినా డిస్పోజ్డే. డిక్రీ అయిన దావా ఆ నెంబరు కింద ముగిసిపోతుంది, ఇ.పి. ఇంకో కొత్త నెంబరుతో మొదలవుతుంది. పాత నెంబరు పట్టుకుని ఎన్నిసార్లు చూసినా ఆమెకు అదే ఓదార్పు దొరుకుతుంది.

గుంటూరు ఆమె విషయంలో డబ్బు కట్టింది డిక్రీకి ముందు. డిక్రీని అమలు చేసే కోర్టు డిక్రీ వెనక్కు వెళ్లి చూడదు, ‘అప్పుడే కట్టేశాను’ అన్నా వినదు. ఆమె చెయ్యగలిగింది ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చెయ్యమని ఆ డిక్రీ ఇచ్చిన కోర్టునే అడగడం. దానికి గడువు డిక్రీ నాటినుంచి ముప్పై రోజులు. సమను సరిగా అందనివాళ్లకయితే డిక్రీ సంగతి తెలిసిన నాటినుంచి లెక్క. ఈమెకు సమను అందింది. అందువల్ల ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్ వెయ్యాలి, ఎందుకు రాలేదో ఒప్పించాలి. కోర్టు ఒప్పుకున్నా, కొంత మొత్తం ముందుగా కట్టమని షరతు పెట్టవచ్చు. అంటే ఒకసారి గేదెను అమ్మి కట్టినదాన్లో కొంత మళ్లీ కట్టి, తర్వాత తాను కట్టానని రుజువు చేసుకోవాలి.

డిక్రీ వచ్చాక డబ్బు కట్టినవాళ్ల పరిస్థితి ఇంకా ఇరుకు. హైదరాబాదులో నాలుగిళ్లలో పనిచేసే ఒకామె తోటి మనిషి చీటీకి జామీను ఉండి ఇలా చిక్కుకుంది. ‘పైసలు కట్టినం గద మేడం, మళ్ల ఈ కాయితం ఏంది?’ అంది. చీటీ కంపెనీ ఏజెంటు చేతికి నగదు ఇచ్చింది, రసీదు లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 21వ ఆర్డరు, రెండవ రూలు మన కార్యకర్తలందరికీ కంఠతా రావాలని నా అభిప్రాయం. డిక్రీ బాకీని కోర్టు బయట కడితే, ముట్టిందని డిక్రీదారు కోర్టుకు తెలియజెయ్యాలి. అతను చెయ్యకపోతే కట్టినవాళ్లే వెళ్లి నమోదు చెయ్యమని అడగవచ్చు. నమోదు కాని చెల్లింపును అమలు కోర్టు గుర్తించకూడదు. ‘నమ్మకూడదు’ అని కాదు, ‘గుర్తించకూడదు’ అనే ఉంది. 1976లో చేసిన సవరణ దీన్ని ఇంకా బిగించింది. మనియార్డరు, బ్యాంకు, లేదా రాతలో రుజువు మిగిలే మరో పద్ధతి ద్వారా కట్టి ఉండాలి, లేదా కాగితం రుజువు ఉండాలి, లేదా అవతలివాడు ఒప్పుకోవాలి.

బాకీ కట్టినామె అలా నమోదు చెయ్యమని అడగడానికి గడువు కట్టిన నాటినుంచి ముప్పై రోజులు. ఇక్కడే చట్టం నాకు అన్నిటికంటే కఠినంగా కనిపిస్తుంది. 1963 నాటి లిమిటేషన్ చట్టం అయిదవ సెక్షన్ కింద తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టులకు ఉంది. పెద్ద పెద్ద కంపెనీలూ ప్రభుత్వాలూ ఆ సెక్షన్ కింద ఏళ్ల ఆలస్యానికి మన్నింపు కోరుతూ ఉంటాయి. కానీ అదే సెక్షన్ 21వ ఆర్డరు కింద వేసే దరఖాస్తులను తన పరిధినుంచి మినహాయించింది. నలభై వేలు కట్టి, కట్టినట్టు నెలలోగా చెప్పుకోవాలని తెలియని మనిషికి మన్నింపు లేదు. డిక్రీదారు తనంతట తాను ముట్టిందని రాసిస్తే దానికి గడువు లేదు. అంటే అతని మంచితనం మీద ఆధారపడాలి.

అతని దుర్మార్గానికి శిక్ష లేదా అంటే, ఉంది. తీరిపోయిన డిక్రీని మోసంతో అమలు చేయించడం పాత శిక్షాస్మృతి 210వ సెక్షన్ ప్రకారం రెండేళ్లవరకూ జైలుశిక్ష పడగల నేరం. 2024 జూలై 1నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నేరం కొనసాగింది. కానీ ఆమె పోలీసు స్టేషనుకు వెళ్లి ఈ ఫిర్యాదు చెయ్యలేదు, కోర్టే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. అప్పు దావాల కోర్టులు అంత దూరం వెళ్లడం నేను మాట్లాడిన ఒక్క స్త్రీ విషయంలోనూ జరగలేదు.

లోక్ అదాలత్‌ల గురించి మన మిత్రులు చాలామంది ఉత్సాహంగా మాట్లాడతారు. ఒక్క రోజులో ఇన్ని కేసులు పరిష్కారమయ్యాయని పత్రికల్లో అంకెలు వస్తాయి. నాకు అంత ఉత్సాహం లేదు. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దాని మీద అప్పీలు లేదు. మోసం జరిగిందనుకుంటే హైకోర్టులో రిట్ వేసుకోవాలని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. చెక్కు బౌన్సు కేసును లోక్ అదాలత్‌లో రాజీ చేసుకున్నా ఆ అవార్డు డిక్రీలాగే అమలవుతుందని 2011లో మళ్లీ చెప్పింది. వాయిదాల పద్ధతిలో కడతానని సంతకం పెట్టి, ‘రాజీ అయిపోయింది, కేసు పోయింది’ అనుకుంటూ ఇంటికి వెళ్లే స్త్రీ నిజానికి తన మీద పన్నెండేళ్లవరకూ అమలు చెయ్యగల డిక్రీని చేతులారా రాసిచ్చి వెళ్తోంది. రెండు వాయిదాలు తప్పితే మొత్తం వడ్డీతో కట్టాలన్న షరతు ఏ పేజీలో ఉందో ఆమెకు ఎవరూ చదివి వినిపించరు. వాదికి మాత్రం కోర్టు ఫీజు కూడా తిరిగొస్తుంది. లోక్ అదాలత్‌లు వద్దని నేననను. సంతకానికి ముందు అవార్డును తెలుగులో చదివి వినిపించామని, ఆమె అర్థం చేసుకుందని రాయించే బాధ్యత ఎవరిదో తేలకుండా ఆ అంకెలు చూసి సంతోషించలేను.

ఇందులో స్త్రీల ప్రశ్న ఎక్కడుంది, ఇది పేదల ప్రశ్న కాదా అని ఒక సమావేశంలో నన్ను అడిగారు. కోర్టు కాగితం ఇంట్లో ఎవరి చేతికి ఇవ్వాలన్న రూలునే తీసుకోండి. 1908 నాటి కోడ్ ప్రకారం ప్రతివాది దొరకకపోతే సమను ఆ ఇంట్లోని వయసు వచ్చిన ‘మగ’ సభ్యుడికి ఇవ్వాలి. స్త్రీ చేతికి ఇస్తే అది అందినట్టే కాదు. 1976 సవరణతో ‘స్త్రీ అయినా పురుషుడైనా’ అని మార్చారు. సమానత్వమే! కానీ ఆచరణలో జరిగింది ఏమిటి? కోడలి పేరున వచ్చిన సమనును అత్తగారు వేలిముద్ర వేసి తీసుకుంటుంది, చూరులో పెడుతుంది. కోడలికి అందినట్టే లెక్క. పోస్టులో వచ్చిన కవరు చూసి భయపడి ‘మాకొద్దు’ అని తిప్పి పంపుతారు, తీసుకోకపోతే కేసు లేనట్టేనని ఊళ్లో ఒక నమ్మకం. తిరస్కరించారని పోస్టుమాన్ రాస్తే అది కూడా అందినట్టే లెక్క. కాగితం అందుకునే అర్హత స్త్రీకి చట్టం ఇచ్చింది. ఆ కాగితం చాలాసార్లు ఆమెకు రాని ఇంగ్లీషులో ఉంటుంది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు మొదటిసారి తెలుగులో తీర్పు ఇస్తే అందరం సంతోషించాం. నాకు మాత్రం జూనియర్ సివిల్ జడ్జి కోర్టునుంచి వెళ్లే రెండు పేజీల నోటీసు తెలుగులో ఉండటం అంతకంటే ముఖ్యం.

భయం గురించి కూడా చెప్పాలి. భయంతోనే ఈ వ్యాపారం నడుస్తోంది. ‘కట్టకపోతే జైల్లో వేయిస్తా’ అన్న బెదిరింపుకు లొంగి రెండోసారి కట్టినవాళ్లున్నారు. డబ్బు డిక్రీ అమలులో స్త్రీని అరెస్టు చెయ్యకూడదని కోడ్ 56వ సెక్షన్ స్పష్టంగా చెప్తోంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, పక్కబట్టలు, ఆచారం ప్రకారం స్త్రీ ఒంటినుంచి తియ్యకూడని నగ జప్తు చెయ్యకూడదని 60వ సెక్షన్ చెప్తోంది. వ్యవసాయదారు, కూలి, ఇంటిపని చేసేవారు తాము సొంతంగా ఉంటున్న ఇల్లు కూడా ఆ జాబితాలో ఉంది. హైదరాబాదు ఆమె ఇంటి జప్తుకు జవాబు అక్కడే దొరికింది. అయితే చెక్కు కేసు వేరు. అది క్రిమినల్ కేసు. 56వ సెక్షన్ రక్షణ దానికి వర్తించదు. డబ్బు కట్టినా రాజీ కోర్టులో నమోదు కాకుండా వాయిదా మానేస్తే నాన్ బెయిలబుల్ వారెంటు రావచ్చు. అప్పు సమయంలో సంతకం పెట్టిన ఖాళీ చెక్కు కూడా ఇచ్చారా అని మన దగ్గరకొచ్చిన ప్రతి ఒక్కరినీ ముందే అడగాలి.

మన సంఘాల గురించి ఒక మాట, కొంత నిష్ఠూరంగానే. వరకట్నం, గృహహింస, మనోవర్తి కేసులు వస్తే మనకు ఏం చెయ్యాలో తెలుసు. 2005 చట్టం వచ్చాక ఎన్ని శిక్షణలు పెట్టుకున్నామో లెక్కలేదు. ఇ.పి. నోటీసు పట్టుకుని ఎవరైనా వస్తే మాత్రం ‘ఇది ప్లీడర్ల పని’ అని పంపేస్తున్నాం. ఇల్లు పోతుందన్న భయంతో, తెలియకుండా ఎందుకు సంతకం పెట్టావని భర్త కొట్టే దెబ్బలతో ఆమె ఆర్నెల్ల తర్వాత మళ్లీ మన దగ్గరికే వస్తుంది, ఈసారి గృహహింస కేసుగా. అప్పుడు మనకు ఆమె ‘మన’ కేసు అవుతుంది.

చెయ్యగలిగింది పెద్దదేం కాదు. అప్పు తీర్చిన రోజున తెల్లకాగితం మీద రాయించుకునే రసీదులో తేదీ, దావా నెంబరు, కోర్టు పేరు, డిక్రీ అయిందా లేదా అన్నది ఉండేలా చూడటం. డబ్బు చేతికివ్వకుండా బ్యాంకు ద్వారా పంపించడం. కట్టేముందే ‘డిక్రీ అయిందా?’ అని కోర్టు ఆఫీసులో కనుక్కోవడం, ఎందుకంటే ఆ జవాబును బట్టే తర్వాత చెయ్యాల్సిన పని మారిపోతుంది. డిక్రీ కాకపోతే, అవతలి ప్లీడరు మెమో దాఖలు చేసి కోర్టు ఉత్తర్వు ఇచ్చేదాకా ప్రతి వాయిదాకూ ఆమెను పంపించడం, ఎవరేం చెప్పినా సరే. డిక్రీ అయితే, ముప్పై రోజుల లోపల మొత్తం ముట్టినట్టు మెమో పడేలా చెయ్యడం. ఆ తర్వాత ఉత్తర్వు నకలుకు దరఖాస్తు పెట్టి, కోర్టు ముద్ర ఉన్న కాపీ ఆమె చేతిలో పెట్టడం. ఆదాయంతో సంబంధం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. మండల న్యాయసేవా కమిటీకి ఒక దరఖాస్తు చాలు, 15100కు ఫోను చేసినా చాలు. ‘మీ ఆయన సంపాదిస్తున్నాడుగా’ అని వెనక్కు పంపితే ఆ సెక్షన్ చూపించండి.

ఇవన్నీ చేస్తూనే, భారమంతా ఆమె మీదే ఎందుకుండాలని కూడా అడగాలి. దావా వేసినప్పుడు ప్రతివాదికి సమను పంపించడం కోర్టు బాధ్యత అయినప్పుడు, దావా ముగిసినప్పుడు ఎలా ముగిసిందో చెప్పడం ఎందుకు బాధ్యత కాదు? ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చిన రోజున ఆ సంగతి ప్రతివాదికి పోస్టులో తెలియజేస్తే ముప్పై రోజుల గడువుకు ఒక అర్థం ఉంటుంది. కోడ్‌లోని రూళ్లకు తమ పరిధిలో మార్పులు చేసుకునే అధికారం 122వ సెక్షన్ కింద హైకోర్టులకుంది. 2019 జనవరి 1నుంచి మనకు రెండు హైకోర్టులున్నాయి గనక రెండింటికీ విజ్ఞాపన ఇవ్వాలి. దానికోసం మీ మీ జిల్లాల్లో ఇలాంటి స్త్రీల కాగితాలు సేకరించండి. సమను, రసీదు, డిక్రీ, ఇ.పి. నోటీసు, నాలుగింటి మీదా ఉన్న తేదీలను ఒక వరసలో రాసి పంపండి. పేర్లు అక్కర్లేదు. మనం అడిగే నోటీసు ఒక పేజీ మించదు. దావా నెంబరు, దావా కొట్టేశారా, ఉపసంహరించుకున్నారా, డిక్రీ ఇచ్చారా, ఎంతకు, మీరు ఏం చెయ్యవచ్చు, ఎన్ని రోజుల్లోపల. అంతా తెలుగులో.